కొమ్మ మీద మజిలీ

మే నెల. ఇంగ్లండ్‌లో బాగా ఎండ కాసిన ఓ మధ్యాహ్నం. పెరట్లోని ఆపిల్‌ కొమ్మకి ఉన్నట్టుండి గుమ్మడికాయంత ముద్ద ఒకటి వేలాడుతుంది. తేరిపారచూస్తే... అన్నీ తేనెటీగలే! ఇంటివాళ్లు తలుపులు బిగించుకుని ఫోన్‌ చేస్తారు. కాసేపటికి తేనెటీగలు పెంచే మనిషి వస్తాడు. ముఖానికి వల, చేతిలో ఓ అట్టపెట్టె, పాత దుప్పటి. అంతే!

పెట్టెను ముద్ద కింద పట్టి కొమ్మను ఒక్క కుదుపు కుదుపుతాడు. ఈగలన్నీ దభీమని అందులో పడతాయి. పెట్టెను దుప్పటి మీద బోర్లించి, ఓ అంచు కింద రాయి పెట్టి కాస్త సందు ఉంచుతాడు. ఇక తేలాల్సింది ఒక్కటే... రాణి ఈగ లోపల పడిందా, లేదా? పడితే కొన్ని ఈగలు సందు దగ్గర నిలబడి, వెనకభాగం పైకెత్తి, రెక్కలాడిస్తూ ఓ వాసన వదులుతాయి. 'అమ్మ ఇక్కడే ఉంది, వచ్చేయండి' అని పిలుపన్నమాట! గాల్లో తిరిగేవన్నీ బారులుతీరి లోపలికి నడుస్తాయి. రాణి లోపల లేకపోతే అన్నీ మళ్లీ కొమ్మకే చేరతాయి. అప్పుడు పని మొదటికొచ్చినట్టే. చీకటిపడ్డాక పెట్టెను దుప్పటితో మూటగట్టి తీసుకెళతాడు.

ఇన్నివేల ఈగలు కుట్టవా? సాధారణంగా ఈ సమయంలో చాలా తక్కువ. కాపాడుకోవడానికి వాటికి ఇల్లు లేదు, నిల్వ తేనె లేదు, పిల్లలూ లేవు. బయల్దేరేముందు కడుపునిండా తాగిన తేనే వాటి దారిబత్తెం.

వసంతంలో పూలు విరగబూసి, పట్టు కిక్కిరిసిపోయినప్పుడు జరిగే వేరుకాపురమిది. ఇక్కడ ఇల్లు వదిలేది కూతురు కాదు, తల్లి! పాత రాణి కట్టిన ఇంటిని కూతురికి వదిలేసి, సగానికిపైగా కూలి ఈగలతో బయటికొస్తుంది. కొమ్మ మీద మజిలీ కొన్ని గంటలు, లేదంటే కొన్ని రోజులు.

ఆ కాస్త సమయంలో ఏం చేస్తాయి? తేనె ఎక్కడుందో ఈగలు నాట్యం చేసి చెప్పుకుంటాయని శాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. 1949లో జర్మనీలోని మ్యూనిక్‌లో మార్టిన్‌ లిండావర్‌ ఇలాంటి గుంపు మీద నాట్యమాడే ఈగల్ని చూశాడు. వాటి ఒంటికి మసి, ఇటుకపొడి అంటుకున్నాయి. పూల మీద వాలి వస్తే మసెందుకు? అవి పొగగొట్టాలూ గోడ సందులూ చూసొచ్చి, కొత్త ఇంటి చిరునామా చెబుతున్నాయని ఆయన తేల్చాడు. చివరికి ఒక చోటుకే మొగ్గు తేలుతుంది. గుంపంతా ఒక్కసారిగా లేచిపోతుంది.

పెంపకందారు తొందరంతా అందుకే. ఆలస్యమైతే ఆయనకే కాదు, గుంపుకీ నష్టమే. అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్ర అడవుల్లో 1970ల్లో థామస్‌ సీలీ పరిశీలిస్తే, సొంతంగా కాపురం పెట్టిన కొత్త గుంపుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు మొదటి చలికాలం దాటలేదు. పెట్టెకు చేరిన గుంపునైతే పెంపకందారు చక్కెర పాకం పెట్టి గట్టెక్కించగలడు.

మన దగ్గర పెట్టెల్లో పెంచే పుట్టతేనెటీగలూ ఇలాగే వేరుపడతాయి. అయితే వాటర్‌ట్యాంకులకూ, ఎత్తైన చెట్లకూ వేలాడే పెద్దపట్టు సంగతి వేరు. అది కొండ తేనెటీగలది. కదిపితే వెంటపడి కుడతాయి. ఏది ఏదో తెలియనప్పుడు దూరంగా ఉండి, తెలిసినవాళ్లను పిలవడమే మేలు. కాగడా మాత్రం వెలిగించొద్దు. కొమ్మ మీది ఆ ముద్ద, ఇల్లు వెతుక్కుంటున్న ఓ పెద్ద కుటుంబం కావచ్చు!