ఆరు పరుగుల దూరం

మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఐపీఎల్ రోజుల్లో టీకొట్టు దగ్గర నిలబడి చూడండి. మూడు పార్టీలు కనిపిస్తాయి. హైదరాబాద్ మనదే, కాదనలేం. కానీ అక్కడికి వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం. బెంగళూరుకైతే పొద్దున టిఫిన్ తిని బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చు. కుప్పం నుంచి రోజూ రైల్లో అక్కడికి పనికి వెళ్లొచ్చేవాళ్లూ ఎందరో! అదే రైలుమార్గంలో అటు చివర చెన్నై. అందుకే ఒకే ఇంట్లో అన్న బెంగళూరు, తమ్ముడు హైదరాబాద్, ధోనీ మీద అభిమానంతో మేనమామ చెన్నై.

వీళ్లలో బెంగళూరు అభిమానుల కష్టాలు ఇన్నీ అన్నీ కావు. వాళ్లలో మళ్లీ రెండు రకాలు. 'ఈ సల కప్ నమ్దే' అంటూ ఏటా ఎర్ర చొక్కా ఉతికి ఇస్త్రీ చేసుకునేవాళ్లు ఒకరు. 'చూస్తుండు మామా, ఆఖర్లో బోల్తా కొడతారు' అనేవాళ్లు రెండో రకం. నిజానికి రెండోవాళ్లకే లాభం ఎక్కువ. జట్టు గెలిస్తే అందరితోపాటు లడ్డూ తింటారు. ఓడితే 'నేను ముందే చెప్పలా!' అని మీసం మెలేస్తారు.

ఓడిన రాత్రి ఇద్దరూ ఒక్కటవుతారు, తప్పెవరిదో తేల్చడానికి. కెప్టెనా, ఆఖరి ఓవర్ వేసినవాడా, వేలంలో డబ్బు తగలేసినవాళ్లా? ఎవరూ దొరక్కపోతే ఇంట్లోవాళ్లే దొరుకుతారు. 'నువ్వొచ్చి టీవీ ముందు కూర్చున్నాకే వికెట్ పడింది' అనే మాట వినని ఇల్లాలు ఉందా?

లెక్కలు చూస్తే ఆ కోపంలో న్యాయం ఎంతుందో తెలుస్తుంది. 2009లో బెంగళూరు ఫైనల్ ఓడింది, దక్కన్ ఛార్జర్స్ చేతిలో 6 పరుగుల తేడాతో. 16 పరుగులకే 4 వికెట్లు తీసిన అనిల్ కుంబ్లే ఓడిన జట్టులో ఉండి కూడా ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. మరి తప్పెవరిది? 2011లో చెన్నై చేతిలో ఓటమి. 2016లో కోహ్లి ఆ సీజన్‌లో 973 పరుగులు చేసినా, సొంతగడ్డ మీద సన్‌రైజర్స్ చేతిలో 8 పరుగుల తేడాతో ఓడారు. చివరికి 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ మీద గెలిచారు. తేడా ఎంతనుకున్నారు? మళ్లీ 6 పరుగులే! పదహారేళ్ల కింద చేతకానివాళ్లని తిట్టించిన ఆ ఆరు పరుగులే ఈసారి వీరుల్ని చేశాయి. ఒక్క బంతి గీత దాటి అటు పడి ఉంటే, భుజాలకెత్తుకున్నవాళ్లే బండకేసి బాదేవాళ్లం.

ఓడిపోయాక 'ఎవరి తప్పు' అని కాక 'ఏం తప్పు' అని అడిగినవాళ్లూ ఉన్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. రహీం ఆటతీరు మార్చుకున్నారు. ఆయన్ని సాగనంపి చేతులు దులుపుకోలేదు. ఫలితం? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం.

ఆశ పడటం తెలివితక్కువతనం అనుకుంటే మన టమాటా రైతును చూడాలి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటింది. రెండు నెలలు తిరక్కుండానే ధర నేలకు దిగింది. అయినా రైతు మళ్లీ నారు పోశాడు. అలాగని కళ్లు మూసుకుని పోయలేదు. వాన, అప్పు, కూలి అన్నీ లెక్కేసుకున్నాడు. లెక్క తెలిసిన ఆశ అంటే అదే.

అలాగని ఎవరినీ నిలదీయకూడదని కాదు. కప్పు గెలిచిన మర్నాడే, జూన్ 4న, చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. పండగ చూడ్డానికి వెళ్లిన పిల్లలు ఇంటికి రాలేదు. అక్కడ 'బాధ్యులెవరు' అని అడగాల్సిందే, జవాబు వచ్చేదాకా అడగాల్సిందే. వదిలేసిన క్యాచ్‌కీ, పోయిన ప్రాణానికీ ఒకే గొంతుతో అరిస్తే మన కోపానికి విలువేముంటుంది?

ఇంకో సంగతి. ఐపీఎల్ జరిగే రోజుల్లోనే పదో తరగతి, ఇంటర్ ఫలితాలు కూడా వస్తుంటాయి. రాత్రి టీవీ ముందు 'వీడు ఎందుకూ పనికిరాడు, తీసి పారెయ్' అని నాన్న అరిచే మాటలు పక్కన కూర్చున్న పిల్లాడు వింటూనే ఉంటాడు. ఆరు పరుగులతో ఓడినవాడికే ఇంట్లో ఇంత మర్యాద జరుగుతుంటే, ఆరు మార్కులతో తప్పిన తనకేం జరుగుతుందోనని లోపల లెక్క వేసుకుంటాడు. మనం తిట్టింది క్రికెటర్నే కావచ్చు. ఆ తిట్టు అహ్మదాబాద్ దాకా వెళ్లదు, పక్క కుర్చీ దగ్గరే ఆగిపోతుంది.

కాబట్టి ఈసారి మన జట్టు ఓడితే కాసేపు బాధపడదాం, వాదించుకుందాం, నవ్వుకుందాం. కానీ మాట తూలే ముందు పక్కన ఎవరున్నారో ఒకసారి చూసుకుందాం.