చిరుత ఫొటో కింద ఎవరి పేరు?

వానలో తడుస్తున్న చిరుతపులి ఫొటో ఫోన్లలో తిరుగుతుంటే అందరూ మెచ్చుకుంటారు. తీసినవాడి ఓపికను పొగుడుతారు, లక్షలు పోసి కొన్న లెన్సు గురించి చెప్పుకుంటారు. ఆ చిరుత ఏ బండ మీదికి వస్తుందో, వాన వెలిసిన ఎంతసేపటికి వస్తుందో చెప్పిందెవరని మాత్రం ఎవరూ అడగరు. మేము అడుగుతున్నాం. చంద్రగిరి చుట్టూ కొండల అంచున బతికే యానాదులం, ఎరుకలవాళ్లం, సుగాలీలం అడుగుతున్నాం.

శేషాచలం కొండల్లో వాన రెండుసార్లు పడుతుంది. నైరుతి వాన చుట్టంచూపుగా వచ్చిపోతుంది. ఆశ్వయుజ కార్తీకాల్లో వచ్చే ఈశాన్య వానే అసలు వాన. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. అలాంటి వానలో కెమెరా ఏం చేస్తుందో మన పిల్లలు తెలుసుకోవాలి. అది మాయాయంత్రమేమీ కాదు.

చెట్టుకు కట్టే ట్రాప్ కెమెరా వేడిని పట్టి పనిచేస్తుంది. చుట్టుపక్కల కంటే వేడిగా ఉన్నది ఏదైనా ఎదురుగా కదిలితే ఫొటో తీస్తుంది. వానకు తడిసి చల్లబడిన చిరుత దాని కంటికి సరిగ్గా ఆనదు. వాన వెలిసి ఎండ కాస్తే, గాలికి ఊగే కొమ్మను చూసి వందల ఫొటోలు తీసి పెడుతుంది. అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. ఫ్లాష్ వెలుగు వాన చినుకుల మీద పడి ఫొటో అంతా తెల్లటి చుక్కలవుతుంది. ఒక చిరుతకూ ఇంకో చిరుతకూ తేడా తెలిసేది ఒంటి మీది మచ్చలతోనే. కుడి పక్క మచ్చలు ఎడమ పక్క ఉండవు గనుక బాటకు రెండువైపులా రెండు కెమెరాలు కడతారు. ఒకటి మసకబారిందా, లెక్క సగమే. చేతి కెమెరాకూ తిప్పలే. మబ్బు పట్టిన అడవిలో వెలుతురు చాలదు, షట్టర్ నెమ్మదిస్తే కదిలిన మెకం చెదిరిపోతుంది. ఏసీ కారులోంచి దించిన లెన్సుకు ఆవిరి పట్టి, అది తుడుచుకునేలోగా చిరుత పొద మాటుకు పోతుంది.

అప్పుడు పనికొచ్చేది మా వాళ్ల కన్ను. తడిసిన గడ్డిలో నడవడం చిరుతకు గిట్టదు, వాన వెలిస్తే బాట పట్టుకుని నడుస్తుంది. బురదలో పడిన అడుగులో చినుకు గుంటలుంటే అది వానకు ముందు పోయినది. అంచు చెదరకుండా నున్నగా ఉంటే వాన తర్వాతిది, ఇప్పుడే దగ్గర్లో ఉంది. కొండముచ్చు కూత ఎటునుంచి ఎటు జరుగుతోందో వింటే అది ఏ వైపు నడుస్తోందో తెలుస్తుంది. ఇది ఏ లెన్సుతోనూ రాదు. వందేళ్ల కిందట ఉత్తరాదిన ఛాంపియన్ అనే అటవీ అధికారి బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగేలా చేసి ఫొటోలు తీశాడు. 1927లో పుస్తకమూ వేశాడు. తీగ ఎక్కడ కట్టాలో తెలిస్తేనే ఆ యంత్రం పని. ఆ సంగతి ఈనాటికీ మారలేదు.

ఇక చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 28వ సెక్షను, అభయారణ్యంలోకి ఏ పనికి అనుమతి ఇవ్వొచ్చో చెబుతుంది. ఫొటోగ్రఫీ అని పేరు పెట్టి రాశారు. మెకానికీ దాని నెలవుకూ చెరుపు జరగకూడదన్న మాట 2022 సవరణలో చేర్చారు. మంచిదే, మాకు తగువు లేదు. కానీ కెమెరా మెడలో వేసుకున్నవాడు వానలో అడవికి పోతే కళాకారుడు, కుంకుళ్ల సంచి భుజాన వేసుకున్నవాడు అదే వానలో పోతే దొంగ. ఈ తేడా ఎవరు రాశారు? 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం మీద మాకు హక్కు ఉందంటుంది. అడవినీ మెకాలనూ కాపాడే అధికారం గ్రామసభకు ఉందంటుంది. ఆ మాట గేటు దగ్గర వినబడదు.

2015 ఏప్రిల్ 7న మా చంద్రగిరి మండలం అడవిలోనే తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జవ్వాది కొండల గిరిజనులు వాళ్లలో ఎందరో. ఎర్రచందనం కూలీలని, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు అన్నారు. బూటకమని హక్కుల సంఘాలు అన్నాయి. శవాల ఫొటోలు మాత్రం అన్ని పేపర్లలోనూ పడ్డాయి. మమ్మల్ని ఫొటో తీయడం కొత్తేమీ కాదు లెండి. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మన కులాల వాళ్లను కొలతలు కొలిచి, ఫొటోలు తీసి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. యానాదుల ఫొటోలు అందులో ఉన్నాయి, వాళ్ల పేర్లు లేవు. చిరుతకైనా ఇప్పుడు ఒక నంబరు ఇస్తున్నారు.

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదమూ నిలవదు. తర్వాత బోన్లు పెట్టారు, ట్రాప్ కెమెరాలు కట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల్ని నడకదారిలోకి పంపలేదు. మరి తరతరాలుగా చిరుతతో కలిసి ఈ కొండ అంచున బతికిన పేటల్లో పెద్దలను కూర్చోబెట్టి, ఎలా బతికారని అడగాలని తోచలేదా?

మీలో ఉచ్చులు పెట్టేవాళ్లు లేరా అని అడిగేవాళ్లున్నారు. ఉన్నారు. అడవిపందికి పెట్టిన ఉచ్చులో చిరుత పడి చస్తుంది, అది తప్పు, మన పేటల్లో మనమే ఆపాలి. కానీ ఉచ్చు ఎక్కడ ఉంటుందో వెతికి తీయగలిగినవాళ్లూ మా వాళ్లే. నల్లమలలో పులుల అభయారణ్యం కాపలాకు చెంచులను పెట్టుకున్నారు, వాళ్లు అడుగులు చూస్తారు, కెమెరాలు కడతారు. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

మేము కోరేది ఇది. శేషాచలంలో కెమెరా కట్టే పనికి మా పేటల పిల్లలను తీసుకోండి, కార్డు చొప్పించడం, ఫొటోలు వేరుచేయడం నేర్పండి. మచ్చలు చూసి చిరుతను గుర్తుపట్టే పని తొమ్మిదో తరగతి పిల్ల చేయగలదు. కూలి రోజు లెక్కన, చేతికి చీటీతో ఇవ్వండి. బయటినుంచి వచ్చే ఫొటోగ్రాఫర్‌కు దారి చూపిన మనిషి ఒప్పుకుంటే, ఫొటో కింద అతని పేరు వేయండి. చోటు పేరు మాత్రం వేయొద్దు, వేటగాడికి అది చిరునామా అవుతుంది. కోడిని ఎరగా కట్టి, కారు లైట్లు వేసి చిరుతను నిలబెట్టి తీసే ఫొటోకు మనవాళ్లెవరూ దారి చూపొద్దు, ఎంత డబ్బిచ్చినా సరే.

అయ్యవార్లకు ఒక మాట. ఈ కార్తీకంలో వాన వెలిసిన మరునాడు, పేటలో ముసలాయననో ముసలమ్మనో బడికి పిలిపించండి. బడి వెనక బురదలో కుక్క అడుగు, పిల్లి అడుగు పిల్లలకు చూపించమనండి. కుక్కకు గోరు గుర్తు పడుతుంది, పిల్లికి పడదు. అక్కడ మొదలుపెట్టమనండి. వచ్చినాయన పేరు హాజరుపట్టీ పక్కన గోడమీద రాయండి.