గిరి గీసికొన్న పరిహాసము

స్పెయిను దేశపు తూర్పు తీరమున, ఆలికాంటె మండలములోని ఏ చిన్న పట్టణమున కేగినను, ఉదయము పది గంటల వేళ ఒకే దృశ్యము కానవచ్చును. వీధి ప్రక్కన నీడలో బల్లలు వేసి యుండును. బల్లలపై పాలు కలిపిన తేనీరు, వేయించిన గ్రుడ్లు, పంది మాంసపు ముక్కలు, టమాటా రసములో ఉడికిన చిక్కుడు గింజలు. వాని చుట్టును అరువదియేండ్లు దాటిన బ్రిటిషు దంపతులు. ఎండకు వారి ముఖములు ఎర్రబారి యుండును. మాటలు మాత్రము ఇంగ్లండు వానను గూర్చియే సాగును. "మాంచెస్టరులో నేడు కూడ వానయేనట" అని ఒకడనును. "పాపము, మన వంతు కూడ వారే తడియుచున్నారు" అని వేరొకడు బదులిచ్చును. అందరును నవ్వుదురు. మరునాడును అదే మాట, అదే నవ్వు.

ఈ నవ్వును తేలికగా కొట్టివేయరాదు. పరదేశమున స్థిరపడినవారు తమ్ము గూర్చి తాము ఏమనుకొనుచున్నారో తెలిసికొనుటకు వారి హాస్యమునకు మించిన ఆధారము అరుదు. 2016 మొదలుకొని ఈ నవ్వు ఒక గట్టి పరీక్షకు గురియైనది. ఆ పరీక్ష కథ ఉపాధ్యాయులకును, విద్యార్థులకును తెలిసికొనదగినది. ఏలయన నేడు ఎన్నో తెలుగు ఇండ్లనుండి ఎవరో యొకరు పరదేశమున కాపురముండుచునే యున్నారు.

బ్రిటిషువారు ఈ తీరమునకు సెలవులకై వచ్చి నిలిచిపోయినవారు. 1950 ప్రాంతమున బెనిడోర్మ్ జాలరుల ఊరు. 1956లో ఆ ఊరికి నగర నిర్మాణ ప్రణాళిక సిద్ధమయ్యెను. నాటి పురాధ్యక్షుడు పెద్రో సరగోస విదేశీ స్త్రీలు సముద్రపుటొడ్డున రెండు ముక్కల స్నానపు దుస్తులు ధరించుటకు అనుమతి నిచ్చెను. మతాధికారులు ఆగ్రహింపగా, ఆయన స్కూటరుపై మాద్రిదు వరకు పోయి, నియంత ఫ్రాంకో అభయము పొంది వచ్చెనని ప్రతీతి. 1967లో ఆలికాంటె విమానాశ్రయము తెరవబడెను. 1973లో బ్రిటను, 1986లో స్పెయిను ఐరోపా ఆర్థిక సమాజమున చేరినవి. ఆ పిమ్మట ఒక దేశపు పౌరుడు వేరొక దేశమున నివసించుటకు అడ్డంకులు క్రమముగా తొలగిపోయెను. ఇంగ్లండులో చిన్న ఇల్లు అమ్మినవాడు ఇచట ఎండయు, తోటయు గల ఇల్లు కొని, కొంత సొమ్ము మిగుల్చుకొన గలిగెడివాడు. ఇటీవలి లెక్కలలో స్పెయిను పుర పట్టికల కెక్కిన బ్రిటిషు పౌరులు 2,50,000కు మించియే యున్నారు. వారిలో పింఛనుదారులు అనేకులు.

ఉత్తర దేశములనుండి వచ్చిన ఇట్టి తెల్లవారిని స్పెయినువారు 'గిరి' అని వ్యవహరింతురు. ఎండలో కందిపోవువాడు, చెప్పులలో మేజోళ్లు తొడుగువాడు అని అందులో ఎత్తిపొడుపు. బ్రిటిషువారు ఆ పేరునకు కోపింపక, తామే చెప్పుకొని నవ్వుకొందురు. తెలుగువాని చెవికి మాత్రము ఆ మాట వేరుగా వినిపించును. తెలుగున గిరి యన కొండయే కాదు. చుట్టును గీసికొని, దాటి పోరాదని పెట్టుకొన్న గీతయు గిరియే. రెండు భాషలకు ఇందు ఏ సంబంధమును లేదు గాని, పేరు చక్కగ కుదిరినది.

ఈ గిరిలోపలి పరిహాసమునకు కొన్ని నియమములు కలవు. మొదటిది, తన్ను తాను తక్కువ చేసికొనుట. ఇరువదియేండ్లు ఆ దేశమున నివసించియు, ఒక బీరు కోరుటకును, బిల్లు అడుగుటకును చాలినంత స్పానిషు మాత్రమే నేర్చితినని గొప్పగా చెప్పుకొందురు. రెండవది, స్థానికుల తీరుపై చెణుకు. కుళాయి బాగుచేయు వాడు 'మాన్యానా' అనగా 'రేపు' వత్తునన్నచో, ఆ మాటకు 'ఈనాడు కాదు' అని మాత్రమే అర్థమని హాస్యమాడుదురు. 'నేడు రొక్కము, రేపు అరువు' అను పలక చూచి పెరిగిన తెలుగువానికి ఈ రేపటి మర్మము ప్రత్యేకముగా చెప్పవలసిన పని లేదు. మూడవది, ఎంత బెంగ యున్నను దానిని బెంగగా పలుకకుండుట. మనుమరాలిని చూడవలెనని యున్నదని చెప్పుటకు బదులు, ఇచట మంచి సాసేజి దొరకదని నిట్టూర్తురు.

స్వదేశమును వారు ముద్దుగా 'బ్లైటీ' అని పిలుతురు. ఈ పదము ఇంగ్లండున పుట్టినది కాదు. హిందుస్థానీలోని 'విలాయతి' శబ్దమును భారతదేశమున పనిచేసిన బ్రిటిషు సైనికులు తమ నోటికి అనువుగా మార్చుకొనగా నేర్పడినది. తమ ఇంటికి పరాయివారు పెట్టిన పేరునే, పరదేశమున నుండి తలచుకొనుటకు వాడుచున్నారన్న మాట.

గిరి గీసికొనుటయు వారికి క్రొత్త కాదు. 1832లో స్థాపితమైన మద్రాసు క్లబ్బు శతాబ్దమునకు మించి తెల్లవారికే పరిమితమై యుండెను. ఆ గోడల లోపల పాలకులు తమ వాతావరణమును, తమ భోజనమును, తమ హాస్యమును కాపాడుకొనిరి. అయినను ఆ కాలముననే గిరి దాటిన వాడొకడు తెలుగువారికి సుపరిచితుడు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. పిమ్మట నిఘంటువు కూర్చెను. క్లబ్బు బల్ల యొద్ద చెప్పుకొన్న ఛలోక్తులు ఆనాడే అణగిపోయినవి. బ్రౌను పని నేటికిని తెలుగు విద్యార్థి బల్లపై నున్నది.

నాటి దొరలకును, నేటి ఆలికాంటె పింఛనుదారునకును ఒక భేదము కలదు. నాటివాని వెనుక ప్రభుత్వాధికారము నిలిచి యుండెను. నేటివాని వెనుక ఒక ఒడంబడిక మాత్రమే నిలిచియున్నది. ఒడంబడిక మారినచో అతడును అందరివంటి వలసదారుడే. ఈ సత్యమును కప్పిపుచ్చుటకు 'ఎక్స్‌పాట్' అను పదము చాలకాలము తోడ్పడెను. మూర్సియా పొలములలో కూరలు కోయు మొరాకో కూలివాడు 'ఇమ్మిగ్రెంటు'. ఆ ప్రక్క ఊరిలో ఆ కూరలనే కొని వండుకొను ఆంగ్లేయుడు 'ఎక్స్‌పాట్'. ఇద్దరును పరదేశీయులే. ఒకడు కష్టించుటకు వచ్చెను, ఒకడు విశ్రమించుటకు వచ్చెను.

2016 జూన్ 23న బ్రిటను ఐరోపా సమాఖ్యను విడిచిపోవలెనా, వలదా యని ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. విడిచిపోవలెనన్నవారు నూటికి 51.9. విచిత్రమేమనగా, ఆ తీర్పు వలన జీవితము తలక్రిందులు కానున్నవారిలో పలువురకు ఓటు లేదు. దేశము విడిచి 15 ఏండ్లు దాటినవారు జాబితాలో నుండరాదని నాటి చట్టము. ఓటున్నవారిలో కొందరు విడిచిపోవుటకే సమ్మతించుట మరింత విచిత్రము. తాము వలసదారులము కామని వారు మనసార నమ్మియుందురు. వలసలను అరికట్టు తీర్పు తమ గుమ్మము తట్టునని తలపలేదు.

ఈ 15 ఏండ్ల నియమముపై చిరకాలము పోరాడిన వారిలో హారీ షిండ్లరు ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధమున ఇటలీలో పోరాడిన ఈ సైనికుడు వార్ధక్యమున అచటనే స్థిరపడెను. న్యాయస్థానములు ఆయన వాదమును త్రోసిపుచ్చినవి. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము సైతము 2013లో అంగీకరింపలేదు. తుదకు 2022లో పార్లమెంటు చట్టము మార్చెను. 2023 ఫిబ్రవరిలో, 101వ యేట, షిండ్లరు మరణించెను. చట్టము అమలులోనికి వచ్చినది 2024 జనవరిలో. తాను గెలిచిన హక్కును ఆయన వినియోగించుకొన జాలలేదు.

2020 జనవరి 31న బ్రిటను సమాఖ్యనుండి వైదొలగెను. ఆ యేడు డిసెంబరు 31తో పాత సౌకర్యములు ముగిసినవి. అంతకు పూర్వమే స్పెయినులో న్యాయముగా నివసించుచున్నవారి హక్కులను ఒడంబడిక కాపాడినది. వారి చేతికి క్రొత్త కార్డు వచ్చెను. దానిపై నున్న పేరునకు అర్థము 'విదేశీయుని గుర్తింపు పత్రము' అని. ఇన్నాళ్లును ఎవరు విదేశీయులను ప్రశ్నను నవ్వుతో దాటవేసిన వారికి, అచ్చు అక్షరములలో సమాధానము లభించినది. ఇల్లు కొనియు అచట నివాసము నమోదు చేసికొననివారి గతి మరియొకటి. ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి వారు నిలువరాదు. తన ఇంటికి తానే అతిథియైనట్లు, తేదీలు లెక్కించుకొని వచ్చి పోవలసి వచ్చెను.

చిన్న విషయములే మనసునకు ఎక్కువగ తగిలినవి. 2021 జనవరి మొదలు బ్రిటనునుండి ఐరోపాకు పోవు ప్రయాణికుడు మాంసమును, పాల పదార్థములను వెంట తీసికొని పోరాదు. ఇంగ్లండునుండి వచ్చు కుమారుని పెట్టెలో ఇక సాసేజికి చోటు లేదు. ఆవకాయ జాడీని ఏ గుడ్డలో చుట్టి పంపవలెనో తెలిసిన తెలుగు తల్లులకు ఆ లోటు ఎంతటిదో విడమరచి చెప్ప నక్కరలేదు.

అంతకన్న బాధాకరమైనది 2022 మే నెలలో సంభవించెను. స్పెయినున నివసించువారు బ్రిటిషు లైసెన్సుతో కారు నడుపుట నాటినుండి చెల్లలేదు. రెండు ప్రభుత్వముల చర్చలు ముగిసి, లైసెన్సులు మార్చుకొను ఏర్పాటు అమలులోనికి వచ్చునప్పటికి 2023 మార్చి 16. ఈ పదినెలలును, బస్సు రాని కొండ వాలు కాలనీలలోని వృద్ధులకు వైద్యుని యొద్దకు పోవుటయే సమస్య యయ్యెను. నలుబదియేండ్లు కారు నడిపిన చేతులతో, సంచి పట్టుకొని పొరుగువాని వాకిట నిలువవలసి వచ్చెను. ఆ వాకిలి ఆంగ్లేయునిదైన మాట సులభము. స్పెయినువానిదైనచో, ఇరువది యేండ్లుగా నేర్వని భాష ఆనాడు అక్కరకు రాలేదు.

ఇచట ఆ పరిహాసమునకు న్యాయము కూడ చేయవలెను. అది వట్టి అహంకారము కాదు. వయసు మీరి, బిడ్డలు దూరమై, భార్యయో భర్తయో కన్నుమూసిన ఇంటిలో ఒంటరిగ మిగిలినవారికి ఉదయపు బల్ల యొద్ద రెండు ఛలోక్తులు ఊతకర్ర వంటివి. 2015 చలికాలమునకు పూర్వము స్పెయినులోని పింఛనుదారులలో అర్హులకు బ్రిటిషు ప్రభుత్వము చలికాలపు ఇంధన భృతి నిచ్చెడిది. వెచ్చని దేశమున చలి భృతి యేమని స్వదేశమున ఎకసెక్కము చేసిరి. ఆ సొమ్ముతో ద్రాక్షసారా కొనుచున్నామని ఇచటివారు తామే నవ్విరి. ఉష్ణోగ్రత లెక్కలు చూపి ప్రభుత్వము దానిని నిలిపివేసెను. నిజమేమనగా, వేసవికై కట్టిన ఆ ఇండ్లలో నేల చల్లని పలకలు. జనవరి రాత్రులలో వృద్ధులు కోటు తొడిగికొని లోపల కూర్చుందురు. నవ్వు వారి చలిని సైతము కప్పివేసినది.

అయినను గిరి దాటినవారు లేకపోలేదు. సాన్ ఫుల్హెన్సియో వంటి గ్రామములలో విదేశీయుల సంఖ్య స్థానికులను మించినది. సమాఖ్య పౌరులుగా నున్ననాడు బ్రిటిషువారు పురపాలక సభలకు ఎన్నికై, నీటి గొట్టములను గూర్చియు, వీధి దీపములను గూర్చియు స్పానిషులో వాదించిరి. ఈ హక్కు పోకుండుటకై 2019 జనవరిలో రెండు దేశములును ప్రత్యేక ఒప్పందము చేసికొన్నవి. మూడేండ్లు నివసించిన బ్రిటిషువాడు స్థానిక ఎన్నికలలో ఓటు వేయవచ్చును, నిలువవచ్చును. 2023 మే ఎన్నికలలో ఆ ఒప్పందము అక్కరకు వచ్చెను. ఆసుపత్రులలో తోటివారికై దుబాసీ పని చేయు వాలంటీర్లును కలరు. వీరు పరిహాసమును విడువలేదు; రెండు భాషలలో పరిహసించుట నేర్చిరి. పొరుగువాడు తిరిగి వేసిన చెణుకును అర్థము చేసికొని నవ్వగలిగిరి.

డల్లాసులోను, దుబాయిలోను, మెల్బోరనులోను తెలుగువారికి తమవైన బల్లలు, తమవైన ఛలోక్తులు కలవు. అవి యుండవలసినవే. కాని వీసా నియమము మారిన వార్త వచ్చిన రాత్రి ఆ ఛలోక్తులు ఎంతవరకు తోడు వచ్చునో, పొరుగువాని పేరు తెలిసియుండుట ఎంతవరకు తోడు వచ్చునో ఆలోచించుకొనుటకు ఈ ఉదాహరణము పనికివచ్చును.

స్పెయిను పట్టణములలో వయోజన పాఠశాలలు కలవు. డెబ్బది దాటిన బ్రిటిషువారు కొందరు నోటు పుస్తకముతో అచటికి పోవుదురు. తొలి పాఠముననే వారికొక చిక్కు ఎదురగును. ఇంగ్లీషులో ఒకే క్రియ గల చోట స్పానిషులో రెండు. 'నేను ఆంగ్లేయుడను' అనుటకు ఒకటి, 'నేను స్పెయినులో ఉన్నాను' అనుటకు మరియొకటి. ఎవడను అను దానికిని, ఎచట నున్నాను అను దానికిని భేదము వారి భాష అడుగలేదు. తెలుగు ఈ భేదమును సహజముగనే పాటించును: మొదటి వాక్యమున క్రియయే లేదు, రెండవ వాక్యమున 'ఉండు' ధాతువు కలదు. ఆ వృద్ధులు రెండు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాసికొని, తప్పులు దిద్దుకొని, ఒకరి తప్పునకు ఒకరు నవ్వుకొనుచు ఇంటికి పోవుదురు.