ఖబరస్తాన్‌లో బాబ్‌క్యాట్‌కు ఏం పని?



బకెట్ ఎంత బరువు ఎత్తుతుంది? గంటకు కిరాయా ఎంత? మన కమిటీలు మెషిన్ మాట్లాడేటప్పుడు అడిగేవి ఈ రెండే. బండి మలుపు ఎలా తిరుగుతుందని అడిగిన సదర్ సాబ్‌ను నేను ఇంతవరకు చూడలేదు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో మన ఖబరస్తాన్లకూ తోటలకూ మెషిన్ల వల్ల జరుగుతున్న నుక్సాన్ చాలావరకు ఆ అడగని ప్రశ్న దగ్గరే ఉంది.

ఈ బండ్లు మన కోసం రాలేదు. టెక్కలి చుట్టూ గ్రానైట్ క్వారీలున్నాయి, మూలపేట దగ్గర పోర్టు పని ఉంది, మధ్యలో పదహారో నంబరు హైవే ఉంది. రాయికీ కంకరకూ కాంక్రీటుకూ తెచ్చిన మెషిన్లే ఖాళీ దొరికిన రోజున మన గేటు ముందుకొస్తాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అంతకుముందు ఫైలిన్, హుద్‌హుద్ కూడా అక్టోబర్‌లోనే వచ్చాయి. పడిన చెట్టును తీయాలంటే మెషిన్ కావాలి, అందులో బహస్ లేదు. తూఫాన్ వదిలేసిన చెట్టును మెషిన్‌తో మనమే చంపుకోవాలా అన్నదే నా ఝగడా.

బాబ్‌క్యాట్ అని మనం పిలిచేది స్కిడ్ స్టీర్ లోడర్. బాబ్‌క్యాట్ నిజానికి ఒక కంపెనీ పేరు. జేసీబీ, కేస్ లాంటి కంపెనీలూ ఈ రకం బండ్లు చేస్తాయి. దీనికి స్టీరింగ్ తిరిగే చక్రాలు ఉండవు. నాలుగూ ఎప్పుడూ నిటారుగానే ఉంటాయి. ఎడమవి రెండూ ఒక జత, కుడివి రెండూ ఒక జత. ఒక జతను జోరుగా, ఇంకో జతను నెమ్మదిగా, లేదా వెనక్కి తిప్పితే, టైర్లు నేలను అడ్డంగా ఈడ్చుకుంటూ బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఈ ఈడ్పు డ్రైవర్ తప్పు కాదు, దాని నడకే అది. దీని పుట్టుక చూస్తే ఇంకా సాఫ్‌గా తెలుస్తుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు టర్కీ కోళ్ళు పెంచే ఒక రైతు కోసం చిన్న లోడర్ తయారుచేశారు. షెడ్డులో స్తంభాల మధ్య దూరి పెంట ఎత్తడమే దాని పని. దాని సంతానమే ఈ స్కిడ్ స్టీర్. గచ్చు నేలకు పుట్టిన బండిని ఖబర్ల మధ్యకు తెచ్చి, నేల పాడైందని ఏడిస్తే ఎలా?

రెండోది ఆర్టిక్యులేటెడ్ లోడర్. నేను దాన్ని నడుం వంగే బండి అంటాను. ముందు సగం, వెనక సగం మధ్యలో కీలు ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు నడుం దగ్గర వంగుతుంది, వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడుస్తాయి. టైరు దొర్లుతుంది, రాచుకోదు. ఫిన్లాండ్‌లో 1991లో మొదలైన అవాంట్ కంపెనీ ఇలాంటి చిన్న బండ్లకే పేరు తెచ్చుకుంది. తోటపనికి, గుర్రపుశాలలకు, పచ్చిక పాడుకాకూడని చోట్లకు ఇవి వెళ్తాయి.

ఉద్దానం ఇసుకనేలలో ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడ ఆకు కుళ్ళి తయారైన పై మట్టి పలచగా ఉంటుంది, చెట్టుకు తాఖత్ అంతా అందులోనే. కొబ్బరికి తల్లివేరు ఉండదు. పీచువేళ్ళు ఎక్కువభాగం చెట్టు చుట్టూ రెండు మీటర్ల లోపే, పై మీటరున్నర మట్టిలోనే పరుచుకుంటాయి. చెట్టు మొదట్లో స్కిడ్ స్టీర్‌ను నాలుగుసార్లు గిర్రున తిప్పితే ఆ పై మట్టి ఇసుకలో కలిసిపోతుంది, పైనున్న వేళ్ళు తెగుతాయి. కొత్తగా పెట్టిన మొక్కల సంగతి వేరే చెప్పాలా? కొబ్బరి కాపుకు రావడానికి ఐదారేళ్ళు పట్టే చోట, ఒక పూట కిరాయాలో మిగిలిన డబ్బును లాభం అనుకోవడం ఏ హిసాబ్?

ఇక ఖబరస్తాన్. మన జిల్లాలో ముస్లింలు పిడికెడు మంది. ఉన్న కాస్త వక్ఫ్ జమీన్ మన చేతిలో అమానత్. పక్కా ఖబర్లు తక్కువ, కచ్చా ఖబర్లే ఎక్కువ. నలభై ఏళ్ళ కిందటి ఖబర్‌కు తల దగ్గర ఒక రాయి ఉంటే గొప్ప. ఇసుకలో లహద్ నిలవదు గనక షక్ తవ్వుతాం, పైన చెక్కలో రాతిపలకలో పరిచి మట్టి కప్పుతాం. ఏళ్ళు గడిచి చెక్క పుచ్చిపోయాక, దాని మీదికి రెండున్నర మూడు టన్నుల బండి ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి. ఖబర్ మీద కూర్చోవడాన్నే హదీస్ అంత సఖ్త్‌గా మనా చేసింది. మనం టైర్లు ఎక్కించి, పైగా గిర్రున తిప్పిస్తున్నాం.

ఒక ఊళ్ళో, పేరు చెప్పను, షబే బరాత్‌కు ముందు సఫాయి అని ముళ్ళకంపలు తీయించడానికి స్కిడ్ స్టీర్‌ను దింపారు. సాయంత్రానికి జాగా అద్దంలా ఉంది. కమిటీ వాళ్ళు ఫొటోలు దిగారు. రాత్రి ఫాతెహా చదవడానికి వచ్చిన ఒక పెద్దాయన తన వాలిదా ఖబర్ కోసం టార్చ్ వేసుకుని అటూ ఇటూ తిరిగాడు. తల దగ్గర రాయి కంపతోపాటే వెళ్ళిపోయింది. చివరికి అందాజాగా ఒకచోట నిలబడి చేతులెత్తాడు. మర్నాడు నేను డ్రైవర్‌ను అడిగాను. ‘ఏటి చేస్తాం బాబూ, గీతలు పడకుండా తిరగడం దీనికి రాదు కదా’ అన్నాడు. అతను సచ్ చెప్పాడు. అతనికి పని చెప్పినవాళ్ళు మాత్రం నాకు జవాబు చెప్పలేదు.

నడుం వంగే బండినైనా ఖబర్ల మీదుగా తోలమని నేను అనడం లేదు, తౌబా. ఏ మెషినూ ఖబర్ ఎక్కకూడదు. అయితే వరుసల మధ్య దారి ఉంటే ఆ దారినే వంగుతూ వెళ్ళి వచ్చే గుణం దీనికి ఉంది. దారి లేని చోట పార, కత్తి, నలుగురు నౌజవాన్లు. మూడో రాస్తా లేదు.

దీనికి వచ్చే ఎతెరాజ్‌లు నాకు తెలుసు. మొదటిది, స్కిడ్ స్టీర్ ఎక్కువ ఎత్తుతుందని. కంపెనీ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. స్కిడ్ స్టీర్‌కు చూపించే సామర్థ్యం మామూలుగా, బండి ముందుకు ఒరిగిపోయే బరువులో సగం. నడుం వంగే బండ్లకు చాలాసార్లు ఒరిగే బరువునే, అదీ బండి తిన్నగా ఉన్నప్పటి లెక్కనే రాస్తారు. నడుం పూర్తిగా వంచితే అది తగ్గుతుంది. కాబట్టి రెండు అంకెలూ ఒకే తరాజులో తూగవు. పూర్తిగా మలుపు తిరిగినప్పుడు ఎంత ఎత్తుతుందో అడగండి. ఇన్‌సాఫ్‌గా చెప్పాలంటే నడుం వంగే బండికి ఐబ్ కూడా ఇదే. ఇసుకదిబ్బ వాలు మీద, బకెట్ పైకెత్తి, నడుం వంచితే పక్కకు పడిపోగలదు. బరువును కిందికి ఉంచి నడిపే డ్రైవర్ కావాలి.

రెండోది, టైర్లు తీసి రబ్బరు ట్రాక్ ఉన్నది తెస్తే సరిపోతుందట. ట్రాక్ వల్ల బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది, ఇసుకలో కూరుకుపోదు, సహీ. కానీ అది తిరిగేదీ ఈడ్చుకుంటూనే. తిన్నగా వెళ్ళినంతసేపు షరీఫ్, మలుపులో మళ్ళీ అదే కథ.

మూడోది పైసా. ఇది ఝూట్ కాదు. నడుం వంగే చిన్న బండ్లు మన వైపు దొరకడం కష్టం, స్పేర్ పార్టులకు తిరగాలి. స్కిడ్ స్టీర్ అయితే ఫోన్ కొడితే వస్తుంది, డ్రైవర్‌తో సహా. గ్రానైట్ యార్డులో, జీడిపప్పు గోదాము గచ్చు మీద, కొత్త ఇంటి పునాది దగ్గర అదే రాజా. ఇరుకులో తిరుగుతుంది, గట్టి నేలను తవ్వుతుంది, చాలా అటాచ్‌మెంట్లకు సరిపడా హైడ్రాలిక్ తాఖత్ ఉంటుంది. నేను దాన్ని హరామ్ అనడం లేదు భాయ్, దాని జాగా వేరు అంటున్నాను. నడుం వంగేది దొరక్కపోతే ముందు లోడర్ కట్టిన మినీ ట్రాక్టర్ ఉంది. దానికి ముందు చక్రాలు తిరుగుతాయి గనక నేలను చీల్చదు. మలుపుకు జాగా ఎక్కువ కావాలి, అంతే.

డ్రైవర్ల జాన్ సంగతి ఎవరూ ఎత్తరు. చాలా స్కిడ్ స్టీర్లలో మనిషి ముందు నుంచి, బకెట్ దాటి ఎక్కాలి, దిగాలి. రెండు పక్కలా ఎత్తే చేతులుంటాయి. చేయి పైకెత్తి ఉంచి, దాని కింద నుంచి దిగబోయి నలిగే ప్రమాదం ఈ బండికి పాత శాపం. జేసీబీ వాళ్ళు ఒకటే చేయి పెట్టి పక్క నుంచి తలుపు ఇచ్చిన మోడళ్ళు చేశారు. నడుం వంగే బండిలో మామూలుగానే పక్క నుంచి ఎక్కుతారు. ఈ బండ్ల మీద బతికేవాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. కిరాయాలో వంద తగ్గించమని బేరమాడేవాళ్ళు, సీటు బెల్టు పనిచేస్తుందా అని ఒక్కసారైనా అడగొచ్చు కదా.

అక్టోబర్ లోపు మీ జమాత్ కూర్చోండి. ఇంట్లో బుజుర్గ్‌లు ఉండగానే, వాళ్ళనే అడిగి ఏ ఖబర్ ఎవరిదో నక్షా గీయించండి, మూలమూలకూ రాయి పాతించండి. మెషిన్ ఏ దారిన రావాలో, ఎక్కడ ఆగాలో సున్నంతో గీత వేయించండి. కిరాయా కాగితంలో ఆ గీత దాటకూడదని రాయించండి. బండి ఏదైనా, ముందు గేటు బయట ఖాళీ ఇసుకలో డ్రైవర్‌తో ఒక్క చుట్టు తిప్పించి, దిగి, ఆ గీతలు చూసి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.