చుక్కల చేపకి మన కోడ్ ఒక్కటే చాలదు

వేల్ షార్క్ ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ చేప చుక్కలు దానివే. ఎడమ పక్క, మొప్పల వెనక చుక్కల్ని పోల్చి ఇది పాత చేపేనా, కొత్తదా అని సాఫ్ట్‌వేర్ చెప్పేస్తుంది. అందులో వాడిన ఒక అల్గారిథమ్ అసలు 1986లో నక్షత్రాల స్థానాలు పోల్చడానికి రాసింది! (సీఎస్ఈ వాళ్ళం ఇక్కడ కాస్త కాలర్ ఎగరేయొచ్చు.)

కానీ నన్నడిగితే క్రెడిట్ కోడ్‌ది కాదు. ఆస్ట్రేలియాలో నింగలూ తీరానికి సరదాగా ఈతకెళ్ళి, ఫొటో తీసి, తేదీ, చోటు రాసి పంపిన మామూలు టూరిస్టులది. 2016 నుంచి ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల్లో పెట్టింది. ఎన్ని మిగిలాయో అంచనా వేయాలంటే అదే చేప మళ్ళీ ఎక్కడ, ఎప్పుడు కనబడిందో తెలియాలి. సైంటిస్టులు ఎన్ని సముద్రాలని తిరుగుతారు?

మనమేమో ఎవరో సేకరించిన డేటాసెట్ దించుకుని, యాక్యురసీ ఓ రెండు శాతం పెంచి, ప్రాజెక్ట్ సబ్మిట్ చేసేస్తాం.

ఇవి మన విశాఖ వైపూ వస్తాయి. 2021లో తంతడి దగ్గర వలలో చిక్కినదాన్ని మత్స్యకారులు, అటవీశాఖ వాళ్ళు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. రేపు ఇంకోటి వస్తే, సెల్ఫీలకి ఎగబడే వందమందిలో ఒక్కరైనా దూరంగా నిలబడి, దాని ఎడమ పక్క ఒక్క ఫొటో తీస్తారా?