ఇల్లు తాకట్టులో నున్నప్పుడు నమ్మదగిన సాయము

గడచిన మాసమున గోదావరి ప్రాంతమునుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. ఆమె భర్త పనిచేయుచుండిన కర్మాగారము మూతపడినది. ఇల్లు కట్టుటకై బ్యాంకునొద్ద తెచ్చిన ఋణమునకు నాలుగు వాయిదాలు చెల్లలేదు. ఆంగ్లమున నొక నోటీసు రాగా, భర్త దానిని చదివి, ఎవ్వరికిని చెప్పక బీరువాలో బట్టల క్రింద పెట్టెనట. ఇరువది దినములకు ఎవరో యొక పెద్దమనిషి వచ్చి, "బ్యాంకులో మావారున్నారమ్మా, యాబదివేలిండు, ఇల్లు వేలము కాకుండ చూచెదను" అని చెప్పిపోయెను. ఆ సొమ్మునకై చేతిగాజులు అమ్మవచ్చునా యని ఆమె మమ్ము అడిగినది.

అమ్మవలదని వెంటనే ప్రత్యుత్తరము వ్రాసితిమి. మేము న్యాయవాదులము కాము. కాని యిట్టి సంకటము మరికొన్ని యిండ్లలోను ఉండునని తోచి, మాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ నోటీసు సంగతి. 2002వ సంవత్సరమున పార్లమెంటు చేసిన చట్టమొకటి గలదు. సర్ఫేసీ చట్టమని దానిని వ్యవహరింతురు. దానిచేత బ్యాంకులు కోర్టులో దావా వేయకయే తాకట్టునందున్న యింటిని స్వాధీనపరచుకొని అమ్మవచ్చును. ఈ యధికారము పెద్దదే గాని హద్దులు లేనిది కాదు. వాయిదా సొమ్ము 90 దినములు దాటియు చెల్లనిచో ఆ ఖాతా మొండిబాకీ క్రింద చేరును. అటుపిమ్మట 60 దినముల గడువిచ్చి బ్యాంకువారు వ్రాతమూలమున బాకీ అడుగవలయును. ఆ గడువులో మనము మన యాక్షేపణలను వ్రాసి పంపినచో, 15 దినములలో వారు కారణములతో సమాధానము చెప్పితీరవలయును. గడువు దాటిన తరువాత స్వాధీనపు నోటీసును ఇంటి గోడకు అంటించి, రెండు పత్రికలలో ప్రకటింతురు. అందొకటి దేశభాషా పత్రికయై యుండవలయును. తొలిసారి అమ్మకమునకు ముందు మరల 30 దినముల నోటీసు ఇయ్యవలయును.

బీరువాలో గడచిన ఆ యిరువది దినములును ఈ 60లోనివే. పైగా ఆ సోదరి ఋణపత్రముపై భర్తతోపాటు తానును సంతకము చేసినది. నేడు ఇల్లు ఇద్దరి పేరను ఉండుట, ఋణము ఇద్దరును తీసికొనుట సాధారణమైనది; స్త్రీ పేరున్నచో కొన్ని బ్యాంకులు వడ్డీయందు కొంచెము తగ్గింపును ఇచ్చుచున్నవి. సంతకము చేసిన స్త్రీ మొత్తము బాకీకి బాధ్యురాలు. ఆమెకును నోటీసు పొందు హక్కు, చదువు హక్కు, ప్రత్యుత్తరమిచ్చు హక్కు గలవు. భర్త దాచినది ఆమెకు చెందిన కాగితమే. ఆతడు సిగ్గుచే దాచెనేమో గాని చెరుపు తలపెట్టి యుండడు. అయినను సిగ్గునకు గడువు ఆగదు గదా!

ఇక ఆ పెద్దమనిషి మాట. బ్యాంకువారి చర్యపై విచారణ చేసి వేలమును ఆపుటకు అధికారము ఋణవసూలు ట్రిబ్యునలునకు గలదు. మన తెలుగుదేశమున అట్టివి హైదరాబాదునను విశాఖపట్టణమునను ఉన్నవి. స్వాధీనపు చర్య జరిగిన 45 దినములలోపల అచ్చట దరఖాస్తు చేయవలయును. ఇట్టి వ్యవహారములలో సివిలు కోర్టులకు ప్రవేశము లేదని చట్టమే నిషేధించుచున్నది. కావున మునసబు కోర్టులో స్టే తెప్పించెదనను వానిని, బ్యాంకులో మావారున్నారను వానిని ఒక్కతీరుగనే చూడవలయును. సొమ్మునకు రసీదు ఇయ్యనివాడు, తెల్లకాగితములపై సంతకము కోరువాడు, "బ్యాంకువారితో మీరు మాటాడకుడు, అంతయు నేను చూచుకొందును" అనువాడు, వీరెవ్వరును ఇంటి గడప దాటి లోనికి రాదగినవారు కారు. అధికారపత్రమనియు విక్రయపు ఒప్పందమనియు చెప్పి ఇల్లే వ్రాయించుకొను వారు మరింత ప్రమాదకారులు. 60 దినముల నోటీసు వచ్చిన పిమ్మట బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతి లేక ఆ యిల్లు అమ్మరాదు. సమ్మతి పొంది మనమే అమ్ముకొన్నచో మాత్రము, వేలములోకంటె మంచి ధర రావచ్చును.

మరి నమ్మదగినవారెవరు? మొదటివారు బ్యాంకువారే యనిన ఆశ్చర్యము కలుగవచ్చును. ఉద్యోగము పోయిన సంగతిని కాగితములతో చూపి, గడువు పొడిగించి వాయిదా తగ్గింపుడని వ్రాతమూలమున అడుగవలయును. ఒప్పుకొనుట వారి యిష్టము. కాని మొండిబాకీ కాకముందే అడిగినవారికి దారులెక్కువ. ఇచ్చిన అర్జీ నకలుపై ముద్ర వేయించుకొనుట మరువరాదు.

రెండవది జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము స్త్రీకి, ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచితముగా న్యాయవాదిని ఇచ్చెదరు. ఇది చాలమందికి తెలియదు. బంగారు గాజులున్న స్త్రీకిని ఇత్తురు, లేని స్త్రీకిని ఇత్తురు. ట్రిబ్యునలు వ్యవహారములకును ఈ సాయము వర్తించును. జిల్లా కోర్టు ఆవరణలో విచారింపవచ్చును. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఆ సంస్థలే జరుపు లోక్ అదాలతులో బ్యాంకుతో రాజీ పడవచ్చును. అచ్చటి తీర్పుపై అప్పీలు లేదు. చెల్లింపగలిగినంత మొత్తమునకే ఒప్పుకొనవలయును.

బ్యాంకు నడవడిపై ఫిర్యాదు వ్రాసి 30 దినములైనను సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు రుసుము లేకుండ వ్రాయవచ్చును. ఋణమిచ్చినది హౌసింగు ఫైనాన్సు కంపెనీ యైనచో నేషనల్ హౌసింగు బ్యాంకునకు వ్రాయవలయును. ఇవి సేవాలోపములకు మార్గములే గాని వేలమునాపు మార్గములు కావు. వసూలుకై వచ్చువారు ఉదయము 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత టెలిఫోను చేసి బాధింపరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆజ్ఞ చేసినది. వేళను గుర్తు వ్రాసి యుంచుకొనుడు.

ఆ సోదరి జాబు చివర మరియొకటి అడిగినది: ఇల్లు వేలమైపోయినచో మాకేమైన మిగులునా యని. బాకీయు ఖర్చులును పోగా మిగిలిన సొమ్మును హక్కుదారులకు ఇయ్యవలయుననియే చట్టము. చాలకపోయినచో తక్కువైన భాగమునకు బ్యాంకువారు ట్రిబ్యునలునకు పోవచ్చును. మేమీ మాటలు వ్రాయునాటికి ఆమె నోటీసులో 31 దినములు మిగిలియున్నవి. ఆమెయు భర్తయు కలిసి సోమవారము జిల్లా కోర్టుకు పోవుచున్నారని రెండవ జాబున వ్రాసినది.