గోడకు సర్టిఫికెట్, కౌంటరులో కుర్రాడు!

డాక్టరు చీటీ చూసి మందు ఇవ్వవలసింది రిజిస్టరైన ఫార్మాసిస్టే అని 1948 ఫార్మసీ చట్టం చెబుతున్నది. ఆ అర్హత ఊరికే రాదు. సైన్సు గ్రూపుతో ఇంటర్ ప్యాసై, రెండేళ్లు డి.ఫార్మసీ చదవాలి. ఆపైన ఆస్పత్రిలోనో మందుల షాపులోనో 500 గంటలు పని నేర్వాలి. అందులో సగమైనా చీటీ చూసి మందులిచ్చే పనిలో గడవాలి. ఎగ్జిట్ పరీక్షకు సైతం 2022లో నిబంధనలు వచ్చాయి.

ఇంత కష్టపడి సంపాదించిన సర్టిఫికెట్‌ను కొందరు నెలకింతని అద్దెకిస్తున్నారు. ఆసామి పట్నంలో, పటం గోడమీద! ఒకేలా వినిపించే రెండు మందుల తేడా కౌంటరులోని కుర్రాడికి తెలియకపోతే నష్టపోయేది రోగి. పరీక్షలు పెంచితే చాలదు. షాపులో మనిషి ఉన్నదీ లేనిదీ అధికారులు చూడాలి. ఫార్మాసిస్టు ఏరని కొనేవారూ అడగాలి.